నాలుగో స్లాటులో మాత్రమే పడిపోయే కార్డు: మరమ్మతు డైరీ

ఖమ్మంలో మిర్చి యార్డుకు కూతవేటు దూరంలో మా సర్వర్ గది. అందులో డేటాకు దారి చూపి పంపే రౌటర్, ఎనిమిది స్లాట్లది (కార్డులు దూర్చే అరలు), ఆరేళ్లుగా నడుస్తోంది. 1, 2 స్లాట్లలో రౌటర్‌ను నడిపించే కంట్రోల్ కార్డులు, 3, 4, 6, 7లో తీగలు తగిలించే లైన్ కార్డులు. 5, 8 ఖాళీ. ప్రతి లైన్ కార్డుకు ఎనిమిది 10 గిగాబిట్ల పోర్టులు. విద్యుత్తు బ్యాటరీల మీదుగా వచ్చే, పేరుకు మైనస్ 48 వోల్టులు. తయారీదారుతో సేవా ఒప్పందం గడువు దాటిపోయింది. వాడిన కార్డు కొనాలన్నా లక్షా నలభై వేలు అడుగుతున్నారు.

జబ్బు ఇది: మే మొదటి పదకొండు రోజుల్లో నాలుగో స్లాటు కార్డు ఏడుసార్లు తనంతట తానే రీసెట్ అయింది. అయిన ప్రతిసారీ తిరిగి లేవడానికి ఆరు నిమిషాలు పట్టింది.

దశ 1 (రోజు 1–3): లాగు చిట్టా, గడియారం

అందరూ చేసే మొదటి పని కార్డును పీకి మళ్లీ దూర్చడం. నేను చేయలేదు. పీకితే కార్డు జ్ఞాపకంలో ఉన్న ఆఖరి మాటలు పోతాయి. ఇంకో భయం కూడా ఉంది. 2014లో సిస్కో తన పరికరాల గురించి స్వయంగా ఒక ప్రకటన ఇచ్చింది: 2005–2010 మధ్య ఒకే సరఫరాదారు తయారు చేసిన మెమరీ చిప్పులున్న కార్డులు దాదాపు 24 నెలలు నడిచాక, విద్యుత్తు తీసి పెడితే లేవకపోవచ్చని. మాది ఆ కార్డు కాదు. అయినా కొన ఊపిరితో ఉన్నదాన్ని ఆపి చూసే ముందు ఆలోచించాలి.

చేసిన పని:

1. కార్డు క్రాష్ ఫైళ్లు, రౌటర్ తన ఘటనలు రాసుకునే లాగు మొత్తం వేరే కంప్యూటర్‌కు తీసుకున్నాను.
2. అన్ని పోర్టుల లోపాల కౌంటర్లు రాసుకుని సున్నా చేశాను.
3. విద్యుత్తు కొలిచాను. A లైను 53.6 వోల్టులు, B లైను 53.4. బ్యాటరీ సెల్లు 24, చార్జింగ్‌లో ఉండగా సెల్లుకు 2.25 చొప్పున 54 రావాలి. తీగలో పోయేది పోగా ఇది సరిపోతుంది. విద్యుత్తును అనుమానితుల జాబితా నుంచి తీసేశాను.

లాగులో రీసెట్ల వేళలు 09:02, 09:41, 10:15, 09:27, 10:58, 09:50, 10:33. అన్నీ ఉదయం తొమ్మిది నుంచి పదకొండు మధ్యే. ఆఫీసులు తెరిచే వేళ, ఒక్కసారిగా రద్దీ పెరిగి కార్డు కూలుతోందని తేల్చేశాను. రెండు రోజులు ఉదయం పూట రద్దీ గ్రాఫులు చూస్తూ కూర్చున్నాను. ఏ గ్రాఫులోనూ ఏమీ లేదు.

మూడో రోజు ఫిర్యాదుల పుస్తకం తెరిస్తే, అవే తేదీల్లో ఫోన్లన్నీ మధ్యాహ్నం రెండున్నర తర్వాత వచ్చాయి. రౌటర్ గడియారం అంతర్జాతీయ సమయంలో ఉంది! ప్రతి అంకెకు ఐదున్నర గంటలు కలపాలి. అంటే రీసెట్లు మధ్యాహ్నం 2:30 నుంచి 4:30 మధ్య పడుతున్నాయి. ఖమ్మంలో మే నెల మధ్యాహ్నం మూడు గంటలంటే ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఈ ఒక్క కూడిక మొదటి రోజే చేసి ఉంటే ఈ డైరీ సగం ఉండేది.

ఇప్పటిదాకా: పాతవి ఏడు, రెండో రోజు ఒకటి, మొత్తం 8 రీసెట్లు. సేవ ఆగింది 48 నిమిషాలు. ఖర్చు లేదు.

దశ 2 (రోజు 3–4): రెండో దొంగ దొరికాడు, మొదటివాడు కాదు

కౌంటర్లు సున్నా చేసిన మర్నాటికే నాలుగో కార్డు రెండో పోర్టులో సీఆర్‌సీ లోపాలు (పాడై అందిన ప్యాకెట్ల లెక్క) 4,100 దాటాయి. ఆ పోర్టుకు 9 కిలోమీటర్ల ఫైబర్, 1310 నానోమీటర్ల ఎల్ఆర్ (దూరపు లింకుల) కాంతి మాడ్యూల్. అందుతున్న కాంతి మైనస్ 13.9 డీబీఎం (కాంతి బలం కొలత, మైనస్ పెరిగేకొద్దీ బలం తక్కువ). ఈ రకానికి అట్టడుగు హద్దు మైనస్ 14.4. అంచు మీద నడుస్తోంది.

ఎంత రావాలో లెక్క వేయకుండా కొలత చూసి లాభం లేదు. అవతలివైపు పంపేది మైనస్ 2.4. కిలోమీటరుకు 0.35 చొప్పున తొమ్మిది కిలోమీటర్లకు 3.15 పోతుంది. కనెక్టర్లకు, అతుకులకు ఒకటిన్నర నుంచి రెండు. అంటే మైనస్ 7, మైనస్ 7.5 దగ్గర ఉండాలి. ఆరు డెసిబెల్లు గల్లంతయ్యాయి. రావలసిన కాంతిలో పావు వంతే వస్తోందన్న మాట.

కనెక్టర్ కొసను ఫైబర్ మైక్రోస్కోపులో చూస్తే మధ్యలో నూనె మరక, దాని మీద బూడిద రంగు రేణువులు. ఊళ్లో గ్రానైట్ కోత యూనిట్ల పొడి ఎక్కడికైనా చేరుతుంది. గత వారం ఆ తీగ మార్చిన కుర్రాణ్ని అడిగితే దాచలేదు. "చొక్కా అంచుతో తుడిచాను అన్నా, శుభ్రమైన చొక్కానే." నొక్కితే తిరిగే క్లీనర్ పెన్ను తెప్పించి రెండు వైపులా తుడిచాం. మైనస్ 7.6కు వచ్చింది. సీఆర్‌సీ లోపాలు అక్కడితో ఆగిపోయాయి.

నాలుగో రోజు మధ్యాహ్నం 3:12కు కార్డు మళ్లీ పడింది.

ఒక తప్పు దొరకగానే అదే కారణమనుకోవడం ఈ పనిలో పెద్ద ఉచ్చు. సీఆర్‌సీ లోపాలు తీగ మీద ప్యాకెట్లు పాడవుతున్నాయని చెబుతాయి. వాటి వల్ల పోర్టు కుంటుతుందే గానీ కార్డు మొత్తం రీసెట్ కాదు. ఆ సంగతి తెలిసి కూడా ఒక పూట సంబరపడ్డాను.

ఇప్పటిదాకా: 9 రీసెట్లు, 54 నిమిషాలు, క్లీనర్‌కు రూ. 2,800.

దశ 3 (రోజు 5–9): కార్డు బాగుంది, స్లాటు బాగుంది, జబ్బు మాత్రం ఉంది

కార్డు తప్పా, స్లాటు తప్పా? స్లాటు మార్చి చూస్తే తేలాలి. రాత్రి రెండు గంటలకు నాలుగో కార్డును ఏడుకు, ఏడో కార్డును నాలుగుకు మార్చాం.

1. మణికట్టు పట్టీ కట్టుకుని, దాని తీగను ఛాసిస్ ఎర్త్ బిందువుకు తగిలించాలి. పట్టీలో ఒక మెగాఓమ్ రెసిస్టర్ ఉందో లేదో మీటరుతో ముందే చూసుకోవాలి. మాదాంట్లో తీగ తెగి ఉంది, రెండోది వాడాం.
2. తీగలకు పేర్ల చీటీలు, పోర్టుల ఫోటో.
3. పీకగానే టార్చితో వెనకున్న కనెక్టర్ పిన్నులు చూడాలి. ఒక్క పిన్ను వంగి ఉన్నా, చూడకుండా దూర్చే కార్డు కూడా చెడుతుంది. మావి నిటారుగానే ఉన్నాయి.
4. రెండు మీటలూ కలిపి ఒకేసారి బిగించాలి. స్క్రూడ్రైవర్‌తో లాగకూడదు.

ఆరు, ఏడు, ఎనిమిది రోజులు ఏ కార్డూ పడలేదు. ఏడో స్లాటులో జబ్బు కార్డు కులాసాగా ఉంది. నాలుగో స్లాటులో మంచి కార్డూ కులాసాగా ఉంది. పాఠాల్లో జబ్బు అయితే కార్డు వెంట పోతుంది, లేకపోతే స్లాటులో ఉండిపోతుంది. మాది రెండూ చేయలేదు. మార్చినప్పుడు సరిగా కూర్చుందేమో, పాత బిగింపు వదులేమో అని ఫైలు మూసే దాకా వెళ్లాను.

తొమ్మిదో రోజు ఏసీ ట్రిప్ అయింది. గది 26 డిగ్రీల నుంచి 38కి ఎక్కింది. 3:40కి ఏడో స్లాటులో మన పాత కార్డు పడిపోయింది. మిగతా మూడూ అదే వేడిలో నిలబడ్డాయి.

అప్పుడు ఉష్ణోగ్రతలు వరసగా రాశాను. కార్డు పైఅంచున గాలి బయటికిపోయే చోట సెన్సర్ ఉంది. మధ్యాహ్నపు అంకెలు:

మూడో స్లాటు: 58
నాలుగో స్లాటు (ఇప్పుడు మంచి కార్డు): 70
ఆరో స్లాటు: 60
ఏడో స్లాటు: మామూలు రోజు 59, ఏసీ పోయిన రోజు 70

కార్డు బలహీనం, నాలుగో స్లాటు వేడి. రెండూ కలిస్తేనే పతనం. విడివిడిగా పరీక్షిస్తే రెండూ నిర్దోషులే.

ఇప్పటిదాకా: 10 రీసెట్లు, 60 నిమిషాలు, రూ. 2,800.

దశ 4 (రోజు 10–12): కెపాసిటర్ల మీద వృథా రాత్రి, తర్వాత అసలు కొలత

కార్డులో విద్యుత్తు భాగం దగ్గర రెండు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల నెత్తి కాస్త ఉబ్బినట్టు కనిపించింది. ఉబ్బిన కెపాసిటర్ కనబడితే చేతులు ఊరుకోవు. బోర్డులో రాగి పొర మందం. 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్ పెట్టినా వేడిని తాగేస్తుంది. కిందనుంచి వేడి చేసి, నాలుగు గంటలు కష్టపడి రెండూ మార్చి, కార్డును తిరిగి నాలుగో స్లాటులో పెట్టాను. మర్నాడు 3:05కు కార్డు యథావిధిగా పడింది.

పక్క వీధిలో ఇన్వర్టర్లు బాగుచేసే పెద్దాయనకు పాత కెపాసిటర్లు చూపించాను. మీటరు పెట్టి చూసి, బాగానే ఉన్నాయన్నాడు. "ఎండిన కెపాసిటర్ పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొరాయిస్తుంది బాబూ, వేడెక్కితే సర్దుకుంటుంది. నీది మధ్యాహ్నం పడుతోందంటున్నావు." నిజమే. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ లోపలి నిరోధం చలిలో పెరిగి వేడిలో తగ్గుతుంది. వేడిలో వచ్చే జబ్బుకు చలి మందు వేశాను.

ఈసారి క్రాష్ ఫైలు ఆసాంతం చదివాను. ఇది మొదటి రోజే చేయాల్సింది. చివర్లో ప్రతిసారీ ఒకటే వాక్యం: కార్డు మెమరీలో సరిదిద్దలేని ఈసీసీ లోపం.

ఈసీసీ మెమరీలో ప్రతి 64 బిట్లకు 8 కాపలా బిట్లుంటాయి. ఆ 72లో ఒక బిట్టు తారుమారైతే తనే సరిచేసి, కౌంటర్‌లో ఒకటి వేసుకుని ముందుకు పోతుంది. ఒకేచోట రెండు తారుమారైతే తప్పు జరిగిందని చెప్పగలదే గానీ దిద్దలేదు. అప్పుడు కార్డు రీసెట్ అవుతుంది. సరిదిద్దిన లోపాల కౌంటర్ వేరే ఉంటుంది. అది అలారం మోగించదు కాబట్టి ఎవరూ చూడరు. నేనూ చూడలేదు.

గతంలో తయారీదారు సేవా విభాగం ఒక పారిటీ లోపం గురించి "ఒకసారి వస్తే పట్టించుకోకండి, అంతరిక్షం నుంచి వచ్చే కణం తగిలినా బిట్టు తిరుగుతుంది" అని చెప్పింది. ఆ మాట సరైనదే. అయితే అంతరిక్ష కణం రోజూ మధ్యాహ్నం మూడింటికి వచ్చి అదే బిట్టును తట్టదు. మా లాగులో సరిదిద్దిన ప్రతి లోపమూ మెమరీ మాడ్యూల్ 1, 19వ బిట్టు.

కార్డును నాలుగో స్లాటులోనే ఉంచాను. ముఖ్యమైన మూడు లింకులు పక్క కార్డుల్లో ఖాళీగా ఉన్న పోర్టులకు మార్చాను. ఐదు నిమిషాలకోసారి ఉష్ణోగ్రత, సరిదిద్దిన లోపాల సంఖ్య రాసే చిన్న స్క్రిప్టు పెట్టాను. ఒకటిన్నర రోజు అంకెలు, గంటకు:

58 డిగ్రీల వద్ద: 0
62 వద్ద: 3
66 వద్ద: 17
70 వద్ద: 90కి పైన

డైనమిక్ మెమరీ గడిలో విద్యుదావేశం కారిపోతూ ఉంటుంది, దాన్ని ఎప్పటికప్పుడు నింపాలి. మా కార్డులోని డీడీఆర్3 రకం మెమరీలో చిప్పు 85 డిగ్రీల లోపుంటే 64 మిల్లీసెకన్లకోసారి, దాటితే 32కోసారి నింపాలని నియమం. వేడి పెరిగితే కారడం పెరుగుతుంది. ఏ గడి బలహీనమైతే అది ముందు తప్పుతుంది. ఈ నాలుగు వరసలు చూశాక ఇక వేరే కారణం వెతకలేదు.

ఇప్పటిదాకా: 12 రీసెట్లు, 72 నిమిషాలు (చివరిది కొలతలు నడుస్తుండగా, రెండు లింకులకే తగిలింది), కెపాసిటర్లతో కలిపి రూ. 2,860.

నాలుగో స్లాటుకు వేడి ఎందుకు

గాలి కింద ఫిల్టర్ గుండా వచ్చి కార్డుల మధ్యగా పైకి పోవాలి, పైనున్న ఫ్యాన్లు లాగుతాయి. ఎటు పోతోందో చూద్దామని అగరుబత్తి వెలిగించాను. పొగ చూస్తుండగానే పైకప్పు పొగ సెన్సర్ మోగి భవనం యజమాని పరిగెత్తుకొచ్చాడు. ఇది మీరు చేయకండి. టిష్యూ కాగితం సన్నగా చించి పట్టుకుంటే చాలు.

ఖాళీగా ఉన్న ఐదో స్లాటు ముందు పట్టుకున్నాను. చివాలున లోపలికి పోయింది. ఐదో స్లాటుకు మూత పలక లేదు. అందులోని కార్డును గత నవంబరులో వేరే కేంద్రానికి పంపాం, మూత పెట్టలేదు. ఫ్యాన్లు దగ్గరి దారిలో ఆ కంత నుంచి గాలి లాగుతుంటే కిందనుంచి రావలసిన గాలి మందగించింది. నాలుగో కార్డు చిప్పులున్న ముఖం ఆ ఖాళీ వైపు ఉంటుంది, ఆరో కార్డుది వీపు. అందుకే ఆరుకు పెద్దగా తెలియలేదు. మూత లేకుండా గడిచిన మొదటి వేసవి ఇదే.

మూత అప్పుడే పెట్టేద్దామని కుర్రాడు అట్టముక్క తెచ్చాడు. వద్దన్నాను. జ్వరం దించేస్తే జబ్బు దాక్కుంటుంది. ఆ మెమరీ చెడ్డదని చేతికి చిక్కేదాకా స్లాటు వేడిగా ఉండటమే నాకు కావాలి. దీనికి వాడుకదారులు ఇంకో ఆరు నిమిషాలు చెల్లించారు.

దశ 5 (రోజు 13–16): తొమ్మిది చిప్పులు లెక్కపెట్టండి

కార్డులో రెండు మెమరీ మాడ్యూళ్లు సాకెట్లలో ఉన్నాయి. రెండింటినీ తారుమారు చేశాను, ఇంకేమీ ముట్టుకోలేదు. తప్పు సాకెట్‌దైతే లోపాలు మాడ్యూల్ 1 పేరుతోనే రావాలి. మధ్యాహ్నం సరిదిద్దిన లోపాలన్నీ మాడ్యూల్ 0, అదే 19వ బిట్టు. 3:20కి రీసెట్, పదమూడోది. చిప్పుకు ఎనిమిది బిట్లు కాబట్టి 16 నుంచి 23 దాకా మూడో చిప్పు. దాని మీద పెన్సిల్‌తో చుక్క పెట్టాను.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు బస్సెక్కాను. దుకాణంలో పాత మాడ్యూల్ చూపించి అలాంటిదే ఇవ్వమన్నాను. అదే పొడవు, అదే గాటు, అదే డీడీఆర్3. రూ. 900. ఇంటికొచ్చి పెడితే కార్డు బూట్ కాలేదు. బల్ల మీద రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. పాతదాని మీద ఒక వరసలో తొమ్మిది చిప్పులు, కొత్తదాని మీద ఎనిమిది. ఆ తొమ్మిదోదే కాపలా బిట్లు దాచే చిప్పు. నేను కొన్నది కాపలా బిట్లు లేని మామూలు కంప్యూటర్ మెమరీ. వాపసు తీసుకోలేదు.

రెండోసారి ఫోనులోనే నాలుగు ప్రశ్నలు అడిగాను:

1. ఒక వరసలో చిప్పులు తొమ్మిదా?
2. రిజిస్టర్డ్ (మధ్యలో అదనపు చిప్పుండే సర్వర్ రకం) కాదు కదా? మాకు ఆ చిప్పు లేని అన్‌బఫర్డ్ కావాలి, రెండూ ఒకదానికొకటి పనికిరావు.
3. వోల్టేజి 1.5, లేదా 1.35, ఏది?
4. లేబుల్ ఫోటో పంపగలరా?

ఆర్టీసీ కార్గోలో వచ్చింది. మాడ్యూల్ రూ. 2,400, రవాణా రూ. 100.

ఇప్పటిదాకా: 13 రీసెట్లు, 78 నిమిషాలు. బస్సుకు, ఆటోకు రూ. 700తో కలిపి రూ. 6,960.

దశ 6 (రోజు 17–30): ముందు వేడిలో, తర్వాత మూత

కొత్త మాడ్యూల్ పెట్టి, మెమరీ పరీక్ష రాత్రంతా నడిపి, ఐదో స్లాటు తెరిచే ఉంచి రెండు మధ్యాహ్నాలు వదిలాను. కార్డు 71 డిగ్రీలు చూసింది. సరిదిద్దిన లోపాలు 0.

అప్పుడు ఫిల్టర్ తీశాం. బూడిద రంగు గ్రానైట్ పొడి అంగుళం మందాన గడ్డకట్టింది. దులిపేసరికి కుర్రాడికి తుమ్ముల మీద తుమ్ములు, కళ్ల వెంట నీళ్లు. పొడిలో యార్డు మిర్చి ఘాటు కూడా ఉంది. బయటికి తీసుకెళ్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, నీళ్లతో కడిగి పూర్తిగా ఆరాక పెట్టాం.

మూత పలక కోసం బీరువాలన్నీ వెతికాం. చివరికి నీళ్ల క్యాను స్టాండు ఒక కాలు కింద దొరికింది. నేల ఎత్తుపల్లంగా ఉందని ఎవరో దాన్ని అక్కడ పెట్టారు. తుడిచి బిగించాను.

మధ్యాహ్నం 3 గంటల కొలతలు, గది 29 డిగ్రీలు ఉండగా:

మూత, ఫిల్టర్ ముందు: నాలుగో స్లాటు 71
ఫిల్టర్ కడిగాక: 67
మూత బిగించాక: 59

ఫిల్టర్, మూత ఒకేరోజు కాకుండా ఒకదాని తర్వాత ఒకటి చేయడం వల్లే ఏది ఎంత తగ్గించిందో తెలిసింది.

ముప్పయ్యో రోజు: రీసెట్లు 13 దగ్గరే ఉన్నాయి. సరిదిద్దిన ఈసీసీ కౌంటర్‌ను నాలుగు కార్డులకూ గంటకోసారి చదివి, పది దాటితే ఫోనుకు సందేశం పంపేలా స్క్రిప్టు మార్చాను. రౌటర్ గడియారం మన సమయానికి తెచ్చాను. ఆరో కార్డులో నిన్న రెండు లోపాలు వచ్చాయి, వేర్వేరు బిట్లలో. రాసుకున్నాను, ఇప్పటికైతే ముట్టుకోవడం లేదు.

మూత తీశాక నీళ్ల క్యాను స్టాండు ఊగుతోందని ఆఫీసులో ఫిర్యాదు వచ్చింది. కుర్రాడు ఆ 900 రూపాయల ఎనిమిది చిప్పుల మాడ్యూల్‌ను కాలు కింద పెట్టి చూశాడు. మందం సరిపోయింది.